అబ్రహాం లింకన్ జీవితం – ఒక కాగితం విలువ



ఈసారి మన గోడపత్రికలో 'మహనీయుల జీవితాలు' అనే శీర్షిక కింద అబ్రహాం లింకన్ గురించి రాయమని సోషల్ సార్ నాకు చెప్పారు. లింకన్ ఎవరో మనందరికీ తెలుసు. పొడుగు మనిషి, గడ్డం, నల్ల కోటు. "అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసిన అధ్యక్షుడు ఎవరు?" అని పరీక్షలో వస్తే ఒక మార్కు. నేను కూడా మొదట అంతే అనుకున్నాను. లైబ్రరీలో కూర్చుని చదివిన కొద్దీ ఇంకొక సంగతి కనబడింది. ఆయన జీవితంలో మొదటి నుండి చివరి దాకా కాగితాల కథ ఉంది. చదవగలిగిన కాగితం మనిషిని ఎట్ల లేపుతుందో, చదవలేని కాగితం ఎట్ల ముంచుతుందో ఆ కథలో ఉంది. అది మన తండాల కథ కూడా. అందుకే కొంచెం పొడుగు రాస్తున్నాను. ఓపికతో చదవగలరు.

బాల్యం

అబ్రహాం లింకన్ 1809వ సంవత్సరం ఫిబ్రవరి 12వ తేదీన అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, ఒకే గది ఉన్న దుంగల గుడిసెలో పుట్టాడు. తండ్రి పేరు థామస్. వ్యవసాయం, వడ్రంగం చేసేవాడు. తన పేరు రాయడం తప్ప ఆయనకు చదువు రాదు. తల్లి పేరు నాన్సీ.

థామస్ కష్టపడి భూములు కొన్నాడు. కానీ ఆ రోజుల్లో కెంటకీలో భూమి హద్దులు, పట్టా కాగితాలు అంతా గందరగోళం. ఒకే భూమికి ఇద్దరు ముగ్గురు హక్కుదారులు వచ్చేవారు. కాగితాలు సరిగా లేక ఆయన భూమి పోగొట్టుకున్నాడు. 1816లో కుటుంబం ఇండియానా అనే కొత్త రాష్ట్రానికి వలస పోయింది. ఆ వలసకు బానిసత్వం కొంత కారణమైనా, భూమి కాగితాల తిప్పలే పెద్ద కారణమని లింకన్ తర్వాత రాసుకున్నాడు. అంటే ఏడేండ్ల వయసులోనే ఒక కాగితం వల్ల ఇల్లు వదలవలసి వచ్చింది. పట్టాదారు పాసు పుస్తకం కోసం మన పెద్దలు ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో గుర్తు చేసుకుంటే ఆ బాధ మనకు తెలుస్తుంది.

1818లో తల్లి చనిపోయింది. విషపు మొక్కలు మేసిన ఆవుల పాలు తాగడం వల్ల వచ్చే జబ్బు అది. అప్పుడు లింకన్ వయసు తొమ్మిది ఏండ్లు. మరుసటి సంవత్సరం సవతి తల్లి సారా వచ్చింది. సవతి తల్లి అంటే మనం కథల్లో చెడ్డగా వింటాం. ఈమె అట్ల కాదు. తనకు చదువు రాకపోయినా తన వెంట కొన్ని పుస్తకాలు తెచ్చింది. పిల్లవాడు చదువుకుంటుంటే పని పేరుతో లేపేది కాదు.

చదువు

లింకన్ బడికి పోయిన రోజులన్నీ కలిపినా ఒక సంవత్సరం కాదు. పొలం పని లేనప్పుడు కొన్ని వారాలు, మళ్లీ కొన్ని వారాలు, అంతే. మిగతా చదువంతా సొంతం. ఈసపు కథలు, రాబిన్‌సన్ క్రూసో, బైబిలు, జార్జి వాషింగ్టన్ జీవిత చరిత్ర, దొరికింది దొరికినట్టు చదివాడు. అరువు తెచ్చిన వాషింగ్టన్ పుస్తకం వానకు తడిసిపోతే, దానికి బదులు పుస్తకం యజమాని పొలంలో మూడు రోజులు పని చేసి బాకీ తీర్చాడని చెబుతారు.

మనకు ఇక్కడ ట్యూబులైటు ఉంది, స్టడీ అవర్ ఉంది, లైబ్రరీ ఉంది. లైబ్రరీ పుస్తకం తడిస్తే మనం ఏం చేస్తామో నేను చెప్పను, మీకే తెలుసు.

అప్పు

ఇరవై రెండేండ్లకు లింకన్ ఇల్లు వదిలి, ఇల్లినాయి రాష్ట్రంలో న్యూసేలం అనే చిన్న ఊరిలో ఉన్నాడు. దుకాణంలో గుమాస్తాగా చేశాడు. పోస్టుమాస్టరుగా చేశాడు. భూములు కొలిచే సర్వేయరుగా చేశాడు. ఇంకొకరితో కలిసి కిరాణా దుకాణం పెట్టాడు. అది మునిగిపోయింది. భాగస్వామి చనిపోతే అతని వంతు అప్పు కూడా లింకన్ మీదనే పడింది. అప్పులవాళ్లు ఆయన గుర్రాన్ని, సర్వే సామానును వేలం వేయించారు. ఒక మిత్రుడు వాటిని కొని తిరిగి ఆయనకే ఇచ్చాడు. లింకన్ ఎన్నో ఏండ్లు కష్టపడి ఆ అప్పు మొత్తం తీర్చాడు.

ఇక్కడ ఒక మాట గమనించాలి. లింకన్ అప్పు పెద్దదే, కానీ దానికి లెక్క ఉంది. ఎంత తెచ్చాడు, ఎంత కట్టాడు, ఎంత మిగిలింది, ఆయన చదువగలడు. అందుకే ఆ అప్పు ఒక రోజు తీరింది. లెక్క లేని అప్పు సంగతి కింద చెబుతాను.

1836లో ఆయన వకీలు లైసెన్సు తెచ్చుకున్నాడు. లా కాలేజీకి పోలేదు. పుస్తకాలు అరువు తెచ్చుకుని సొంతంగా చదివాడు. ఎన్నికల్లో ఓడాడు, గెలిచాడు, మళ్లీ ఓడాడు. 1832లో శాసనసభకు ఓడి 1834లో గెలిచాడు. 1858లో సెనేటుకు పోటీ చేసి ఓడిపోయాడు. రెండేండ్లకే, 1860లో, అమెరికాకు 16వ అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు.

బానిసత్వం అంటే ఏమిటి?

అప్పటి అమెరికాలో సుమారు 40 లక్షల మంది నల్లవారు బానిసలు. వారి పూర్వులను ఆఫ్రికా నుండి ఓడల్లో తెచ్చి అమ్మారు. దక్షిణాది రాష్ట్రాల్లో పత్తి, చెరకు, పొగాకు తోటల్లో వారితో పని చేయించేవారు. కూలి లేదు. మనిషిని పశువును అమ్మినట్టు అమ్మేవారు. తల్లిని ఒకరికి, బిడ్డను ఒకరికి అమ్మేవారు.

నన్ను అన్నిటికన్నా ఆపిన సంగతి ఇంకొకటి ఉంది. చాలా దక్షిణాది రాష్ట్రాల్లో బానిసలకు చదువు చెప్పడం చట్టప్రకారం నేరం. కొరడాకు, గొలుసుకు తోడు అక్షరాన్ని కూడా ఎందుకు కట్టేశారు? చదివితే అడుగుతారు, అందుకు.

ఫ్రెడరిక్ డగ్లస్ అనే ఆయన మేరీలాండ్‌లో బానిసగా పుట్టాడు. చిన్నప్పుడు యజమాని భార్య అక్షరాలు నేర్పడం మొదలుపెడితే యజమాని ఆపించాడు. అప్పుడు ఆ పిల్లవాడు వీధిలో తెల్ల పిల్లలకు రొట్టె ముక్కలు ఇచ్చి, వాళ్ల దగ్గర చదువు నేర్చుకున్నాడు. 1838లో తప్పించుకుని స్వేచ్ఛగా బతికాడు. పెద్ద వక్త, రచయిత, పత్రిక సంపాదకుడు అయ్యాడు. 1863లో లింకన్‌నే కలిసి, నల్ల సైనికులకు తెల్ల సైనికులతో సమానంగా జీతం ఎందుకు ఇవ్వరని అడిగాడు. రొట్టె ఇచ్చి అక్షరం కొనుక్కున్న పిల్లవాడు అధ్యక్షుని ముందు కూర్చుని ప్రశ్న అడిగాడు!

యుద్ధం – విడుదల ప్రకటన

లింకన్ గెలవగానే బానిసత్వం విస్తరించకుండా ఆపుతాడని దక్షిణాది రాష్ట్రాలు భయపడి దేశం నుండి విడిపోవడం మొదలుపెట్టాయి. మొత్తం 11 రాష్ట్రాలు విడిపోయాయి. 1861 ఏప్రిల్ 12న యుద్ధం మొదలైంది. నాలుగేండ్లు జరిగింది. ఆరు లక్షలకు పైగా సైనికులు చనిపోయారు.

లింకన్ మొదటి రోజు నుండే అందరినీ విడిపిస్తానని అనలేదు. దేశం కలిసి ఉండాలన్నదే మొదట ఆయన లక్ష్యం. 1858లో అయితే తెల్లవారికీ నల్లవారికీ అన్ని విషయాల్లో సమానత్వం కోరడం లేదని కూడా చెప్పాడు. విడుదలైన నల్లవారిని వేరే దేశానికి పంపాలని కొంతకాలం అనుకున్నాడు. కానీ యుద్ధం నడుస్తుండగా బానిసలు వేలమంది పారిపోయి వచ్చి సైన్యాన్ని చేరుకున్నారు. డగ్లస్ లాంటివారు అడగడం ఆపలేదు. లింకన్ మారాడు. తన మాటనే తాను దాటి ముందుకు పోయాడు. మహనీయుడు అంటే పుట్టుకతోనే అన్నీ తెలిసినవాడు కాదని నాకు ఇక్కడ అర్థమైంది.

1863 జనవరి 1న విడుదల ప్రకటన మీద సంతకం చేశాడు. అంతకు ముందు రాత్రి నల్లవారు చర్చిల్లో చేరి తెల్లవార్లూ ఎదురుచూశారు. ఆ రోజు కొత్త సంవత్సరం కాబట్టి లింకన్ గంటల తరబడి వందల మందితో చేతులు కలిపాడు. చెయ్యి తిమ్మిరెక్కింది. సంతకం వణికితే 'మనసు వెనక్కు లాగింది' అని లోకం అంటుందని కాసేపు ఆగి, మెల్లగా, స్పష్టంగా సంతకం పెట్టాడు.

ఆ కాగితానికి కూడా హద్దులున్నాయి. తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే అది వర్తించింది. లింకన్ పుట్టిన కెంటకీ తిరుగుబాటులో లేదు కాబట్టి అక్కడి బానిసలకు ఆ రోజు విడుదల రాలేదు. దేశమంతటా బానిసత్వం పోయింది 13వ రాజ్యాంగ సవరణతో. అది 1865 డిసెంబరులో అమలుకు వచ్చింది. సుమారు 1 లక్షా 80 వేల మంది నల్లవారు సైన్యంలో చేరి తమ విడుదల కోసం తామే పోరాడారు. కాబట్టి లింకన్ ఒక్కడే విడిపించాడని రాయడం సగం మాటే.

పుస్తకంలో లేని పాఠం – 38 మంది

ఇది మనం గిరిజన పిల్లలం కాబట్టి తప్పక తెలుసుకోవాలి. విడుదల ప్రకటన మీద సంతకానికి ఆరు రోజుల ముందు, 1862 డిసెంబరు 26న, మిన్నెసోటా రాష్ట్రంలోని మన్‌కాటో ఊరిలో 38 మంది డకోటా ఆదివాసులను ఒకేసారి ఉరి తీశారు. ఆ ఉరికి అనుమతి ఇచ్చింది లింకనే.

దీని వెనుక కూడా ఒక కాగితం ఉంది. 1851లో ప్రభుత్వం డకోటా పెద్దలతో ఒప్పందం చేసుకుని వారి భూమిలో చాలా భాగం తీసుకుంది. ఒప్పందం మీద సంతకాలు అయినాక పెద్దల ముందు ఇంకొక కాగితం పెట్టారు. అది కూడా ఒప్పందానికి నకలే అనుకుని వారు గుర్తు పెట్టారు. నిజానికి అది వ్యాపారులు రాయించుకున్న కాగితం. భూమికి రావలసిన డబ్బులోంచి 'బాకీ' పేరుతో పెద్ద మొత్తం వ్యాపారులకు పోయేటట్టు అందులో ఉంది. భూమి పోయింది, డబ్బూ పోయింది. 1862లో ప్రభుత్వం ఇవ్వవలసిన డబ్బు సమయానికి రాలేదు. వ్యాపారులు అరువు ఇవ్వలేదు. ఆకలితో తిరుగుబాటు జరిగింది. అందులో వందల మంది తెల్ల వలసదారులు, రైతు కుటుంబాలు కూడా చనిపోయారు. అది దాచకూడదు.

తర్వాత సైనిక విచారణ జరిగింది. కొన్ని విచారణలు నిమిషాల్లో అయిపోయాయి. ముద్దాయిల తరఫున వకీలు లేడు. 303 మందికి ఉరి వేశారు. లింకన్ ఆ కాగితాలన్నీ తెప్పించుకుని పరిశీలింపజేశాడు. ఎక్కువ మంది ఉరిని ఆపి, 39 పేర్లు సొంత చేతితో రాశాడు. అందులో ఒకరికి చివర్లో ఉరి తప్పింది. ఉరి తీసినప్పుడు పేర్లు కలిసిపోయి, లింకన్ ఉరి ఆపిన చస్కా అనే మనిషిని కూడా ఉరి తీశారు. అమెరికాలో ఒకే రోజు అంతమందిని ఉరి తీసింది అదొక్కసారే. మరుసటి సంవత్సరం డకోటాలను వారి సొంత నేల నుండే వెళ్లగొట్టారు. 1862లోనే వచ్చిన హోంస్టెడ్ చట్టం కింద వలసదారులకు 160 ఎకరాల చొప్పున భూమి ఇచ్చారు. ఆ భూమి ముందు ఎవరిది?

264 మందికి పైగా ప్రాణాలు నిలబడ్డాయి అంటే లింకన్ కాగితాలు చదివినందుకే. 38 మంది పోయారు అంటే అది కూడా ఆయన సంతకమే. మన ఉపాధ్యాయులు 'మంచి వాడా, చెడ్డవాడా?' అని అడిగితే నేను ఒక మాటలో చెప్పలేను. రెండూ రాస్తాను.

ఆలస్యంగా వచ్చిన వార్త

1865 ఏప్రిల్ 9న దక్షిణాది ప్రధాన సైన్యం లొంగిపోయింది. రెండు రోజుల తర్వాత లింకన్ మాట్లాడుతూ నల్లవారిలో కొందరికైనా ఓటు ఉండాలన్నాడు. ఆ గుంపులో నిలబడి విన్న జాన్ విల్క్స్ బూత్ అనే నటుడు ఏప్రిల్ 14 రాత్రి నాటకశాలలో లింకన్‌ను కాల్చాడు. మరునాడు ఉదయం లింకన్ చనిపోయాడు. వయసు 56.

టెక్సాస్ రాష్ట్రంలో మాత్రం బానిసలు ఇంకా పనిచేస్తూనే ఉన్నారు! 1865 జూన్ 19న సైన్యం గాల్వెస్టన్ ఊరికి వచ్చి, మీరు విడుదలయ్యారని ఆజ్ఞ చదివి వినిపించింది. సంతకం అయిన తర్వాత రెండున్నర సంవత్సరాలకు! యజమానులు చెప్పలేదు, బలవంతంగా అమలు చేసేవారు రాలేదు. ఆ జూన్ 19ని అమెరికాలో నల్లవారు పండుగ చేసుకుంటూ వచ్చారు. 2021లో దానిని జాతీయ సెలవు దినం చేశారు.

విడుదలైన తర్వాత కూడా భూమి లేక, పాలుకు దున్ని, దుకాణం ఖాతాలో అప్పు పడి మళ్లీ కట్టుబడ్డవారు లక్షల మంది. ఓటు హక్కు గట్టిగా అమలయ్యేందుకు 1965 చట్టం దాకా, అంటే ఇంకా వంద సంవత్సరాలు పట్టింది.

మన దగ్గర

లింకన్ పేరు మన దేశానికి కొత్త కాదు. 1873లోనే మహాత్మా జ్యోతిరావు ఫూలే తన 'గులాంగిరి' పుస్తకాన్ని నల్లవారిని విడిపించిన అమెరికా ప్రజలకు అంకితం చేశారు.

మన తెలంగాణలో నిజాం కాలంలో వెట్టి ఉండేది. దొరలకు, అధికారులకు కూలి లేకుండా పని చేయాలి. అప్పు తెచ్చి, తీరేదాకా పని చేసేవారిని భగేలా అనేవారు. 1946 నుండి 1951 దాకా జరిగిన తెలంగాణ సాయుధ పోరాటంలో వెట్టి మీద తిరుగుబాటు పెద్ద భాగం. 1950 జనవరి 26న అమలైన మన రాజ్యాంగంలో 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సు, 1976లో వెట్టి చాకిరి రద్దు చట్టం వచ్చాయి. ఆ చట్టం ప్రకారం వెట్టి అప్పు కట్టనవసరం లేదు, అది రద్దయిపోతుంది. కుదువ పెట్టుకున్న ఆస్తి తిరిగి ఇయ్యాలి. వెట్టి చేయించినవారికి మూడేండ్ల దాకా జైలు.

ఇప్పుడు లెక్క లేని అప్పు సంగతి. మా తండా ఎల్లారెడ్డి దిక్కు ఉంటది. అప్పుడది నిజామాబాదు జిల్లా, 2016 నుండి కామారెడ్డి జిల్లా. మా దాదా (తాత) వయసులో ఉన్నప్పుడు జత ఎడ్ల కోసం ఒకాయన దగ్గర అప్పు తెచ్చిండు. కాగితం మీద ఏం రాసిండ్రో ఆయనకు తెల్వదు. వేలిముద్ర పెట్టిండు. ఆ అప్పు కింద జీతం ఉన్నడు. ఒక ఎద్దు సచ్చిపోయింది, అప్పు మాత్రం బతికే ఉన్నది. మా దాది (నానమ్మ) చెప్తది: "ప్రతి ఉగాదికి లెక్క చేస్తుండ్రి బిడ్డా. ఎప్పుడు చేసినా అంతే ఉంటుండె." చట్టం వచ్చింది 1976ల. ఆ సంగతి మా దాదాకు తెలిసింది ఐదేండ్లకు. సంతల కూర్చున్నప్పుడు ఒక బడిపంతులు పేపరు సదివి, "నీ అప్పు ఎన్నడో రద్దయింది, నువ్వు పొయ్యేది లేదు" అని చెప్పిండట. మా దాదా ఆ మాట మూడుసార్లు సదివిపిచ్చుకున్నడట.

టెక్సాస్‌ల రెండున్నర ఏండ్లు. మా ఇంట్ల ఐదేండ్లు.

మనం చేయవలసినవి

మిత్రులారా, మన ఇండ్లల్ల చాలామందికి మనమే మొదటి చదువరులం. సెలవులకు పోయినప్పుడు ఈ పనులు చేద్దాం.

1. ఇంట్లో ఉన్న పాసు పుస్తకం, బ్యాంకు పుస్తకం, గ్రూపు లోను కాగితం తీసి అమ్మానాయనలకు ఒక్కొక్క లైను చదివి చెప్పాలి.

2. ఎవరైనా గల్ఫ్ పోతుంటే కంపెనీ కాగితంలో జీతం ఎంత, పని ఏమిటి, ఎన్నేండ్లు అని చదివించిన తర్వాతనే సంతకం పెట్టమనాలి. చదవరాని భాషలో ఉంటే తెలిసినవారిని అడగాలి.

3. రెండో కాగితం మీద సంతకం పెట్టమంటే 'ఇది నకలే' అన్న మాట నమ్మకుండా చదవాలి. డకోటా పెద్దలను గుర్తు చేసుకోవాలి.

4. అమ్మానాయనలకు కనీసం సంతకం నేర్పాలి. సంతకంతో ఆగకుండా చదవడం కూడా నేర్పాలి.

5. గోడ మీద ఉన్నదంతా నిజమనుకోవద్దు. 'లింకన్ తన కొడుకు టీచరుకు రాసిన ఉత్తరం' అని చాలా బడుల్లో అంటిస్తారు. అందులో మాటలు మంచివే, కానీ అది లింకన్ రాసినట్టు ఆధారం దొరకలేదు. నేను రాసిన ఈ పేజీని కూడా పుస్తకంతో సరిచూసుకోండి. తప్పుంటే కింద పెన్సిలుతో రాయండి.

ముఖ్యమైన తేదీలు

1809 – జననం
1836 – వకీలు లైసెన్సు
1860 – అధ్యక్షుడుగా ఎన్నిక
1862 డిసెంబరు 26 – మన్‌కాటోలో 38 మందికి ఉరి
1863 జనవరి 1 – విడుదల ప్రకటన
1865 ఏప్రిల్ 15 – మరణం
1865 జూన్ 19 – గాల్వెస్టన్‌లో విడుదల వార్త
1865 డిసెంబరు – 13వ సవరణ
1976 – మన దేశంలో వెట్టి చాకిరి రద్దు చట్టం

ఆలోచించి జవాబులు రాయండి

1. లింకన్ అప్పుకు, వెట్టి అప్పుకు తేడా ఏమిటి?
2. బానిసలకు చదువు చెప్పడాన్ని ఎందుకు నేరం చేశారు?
3. లింకన్‌ను గురించి ఒక మంచి మాట, ఒక విమర్శ మీ సొంత మాటల్లో రాయండి.
4. మీ ఇంట్లో ఎవరైనా చదవకుండా వేలిముద్ర పెట్టిన కాగితం ఉన్నదా? సెలవుల్లో అడిగి తెలుసుకుని వచ్చే నెల గోడపత్రికకు రాయండి. పేర్లు రాయవద్దు.

మా దాదా ఇప్పుడు లేడు. ఆయన వేలిముద్ర ఉన్న కాగితం కూడా మాకు దొరకలేదు. కానీ ఈ పేజీ కింద నేను నా చేతితో సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు.

ఇట్లు,
తొమ్మిదో తరగతి విద్యార్థి